క్లెమెంటిలో స్ట్రాబెర్రీల పతనం

"మీరే!" అన్నాడు మధుసూదనరావు, కొట్లో తారాదేవి అడుగు పెట్టీ పెట్టకముందే. "నా స్ట్రాబెర్రీల మీద పుకారు పుట్టించింది మీరే ఆంటీ!"

సింగపూర్‌లో, క్లెమెంటిలోని ఒక ఫ్లాట్ల బ్లాకు కింద పండ్ల కొట్టు అతనిది. కొనేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఫ్లాట్లలోని తెలుగువాళ్లు. నవంబరులో భార్య అరుంధతి పుట్టింటికి వెళ్లినప్పుడు, ఆమెతో మాటమాత్రమైనా అనకుండా, సీజను మొత్తానికీ కొరియా స్ట్రాబెర్రీలకు ఒప్పందం చేసుకున్నాడు. గుడ్డిగా చేసుకోలేదు. గత మూడేళ్ల అమ్మకాలు గ్రాఫు గీసి చూసుకున్నాడు. గీత ఏటేటా పైకే పోయింది. ఈ పండు నడిస్తే కొట్టు నిలుస్తుంది. నడవకపోతే లీజు వదులుకోవడమే.

డిసెంబరు వచ్చింది. గీత నేలకరిచింది.

ఆధారం లేనిదే మధుసూదనరావు దేనినీ నమ్మడు. దేవుణ్ణి కూడా. అతని ఎదుట ఆ ప్రసక్తి తెచ్చి చీవాట్లు తిననివాళ్లు ఆ బ్లాకులో లేరు. కనుక కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి కొట్టేశాడు. ధరా? సగానికి తగ్గించినా బాక్సు కదలలేదు. సరుకా? ఎదుటి సూపర్‌మార్కెట్‌లో అవే పండ్లు మధ్యాహ్నానికల్లా ఖాళీ. ఇక మిగిలింది మనుషులు. సెలవులకు ఇండియా వెళ్లొచ్చిన కుటుంబాలన్నీ ద్రాక్ష కొంటున్నాయి, దానిమ్మ కొంటున్నాయి, స్ట్రాబెర్రీల దగ్గరికి రాగానే ముఖాలు తిప్పుకుంటున్నాయి. ఆ కుటుంబాలన్నిటికీ పెద్దదిక్కు తారాదేవి.

"నేనెవరితోనూ ఏమీ అన్లేదు బాబూ," అందావిడ.

"మరి పోయినేడు వారం వారం మోసుకెళ్లినవారు ఈ ఏడు ఒక్కటీ ముట్టరేం? డాక్టరు వద్దన్నాడా?"

"లేదు."

"పురుగు కనిపించిందా?"

"అయ్యో, అదేం లేదు."

"అయితే ఫుడ్‌కోర్టు సీటుకి పెట్టినట్టు, సూపర్‌మార్కెట్‌లో అరకి టిష్యూ ప్యాకెట్ అడ్డం పెట్టి ఇది నాదేనని చోప్ చేసుకున్నారా?"

వెనక నిలబడ్డవాళ్లు ఫోన్లలోకి తలలు దించారు. గల్లాపెట్టె దగ్గర అరుంధతి చేతిలో పని ఆగిపోయింది.

"పోనిద్దురూ, పెద్దావిడ..." అని గొణిగింది.

"నువ్వూరుకో! నీకు బిజినెస్ తెలీదు."

అతను బాక్సు చించి, ఎర్రగా నిగనిగలాడుతున్న పండొకటి తారాదేవి ముఖం ముందు పెట్టాడు.

"ఫ్రీ! అందరి ఎదుటా ఈ ఒక్కటీ తినండి. తినకపోతే పుకారు మీదే. కొట్టు మూసేముందు మీ పేరు గ్రూపులో పెట్టి మరీ మూస్తాను."

ఆ వాసనకు తారాదేవి గుటక మింగింది. చేతులు మాత్రం వెనక్కి తీసుకుంది.

"విషం కలిపానా? చెప్పండి!"

తారాదేవి అరుంధతి వైపు చూసింది. అరుంధతి కళ్లు మూసుకుంది.

"కాశీలో, 'మామిడీ అరటీ వదిలారంటే మా కొట్టు మునుగుతుంది ఆంటీ, నాలుగు నెలలే దొరికే స్ట్రాబెర్రీ వదలండి' అని బతిమాలి, మా ఇళ్లన్నిటిచేతా గంగలో ఆ పండు వదిలించింది, పుట్టింటికని మీతో చెప్పి మాతో వచ్చిన మీ అరుంధతే బాబూ."