నవ్వు రాని సినిమా

"నవ్వండీ!" అంటూ భార్య మోచేత్తో పొడిచింది.

"ఎక్కడ నవ్వాలో చెప్పు, అక్కడ నవ్వుతాను," అన్నారు డ్రిల్ మాస్టారు.

తెర మీద హీరో సబ్బు మీద కాలేసి జారిపడ్డాడు. వెనకనుంచి 'టొయ్ఁయ్' మని ఒక చప్పుడు. హాలు గొల్లుమంది. మాస్టారు మాత్రం పరీక్షకి కాపలా కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు.

"పడటం ఇది మూడోసారి. వాడికేమో గాని నాకు నడుం పట్టేసింది."

ఆ 'ప' పూర్తిగా పలకలేదు. పెదవి ఎడమ చివరనుంచి సగం గాలిగా జారిపోయింది. రెండు నెలలుగా అంతే. ముఖంలో ఎడమ పక్క నరం దెబ్బతింది. మందులు వాడుతూనే రోజూ అద్దం ముందు నిలబడి ముఖానికి కసరత్తు చెయ్యమన్నారు డాక్టరుగారు. ఇరవై ఆరేళ్ళు పిల్లల చేత కసరత్తులు చేయించిన మనిషి అద్దం వైపే చూడనని మొండికేశారు. "అయితే కడుపుబ్బా నవ్వించమ్మా, అదీ కసరత్తే," అన్నారు డాక్టరుగారు. అందుకే ఆవిడ ఈ ఆదివారం మధ్యాహ్నం ఆటకి లాక్కొచ్చింది.

"'నవ్వలేక చస్తారు' అని బయట ఇంత పోస్టరు అంటించారు కదండీ!"

"నిజమే రాశారు. నవ్వలేకే చస్తున్నాను."

ఇంటర్వెల్ పడింది. ఆవిడ మొక్కజొన్న పేలాల పొట్లం చేతిలో పెట్టింది. ఆయన ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

"నా కోసమైనా ఒక్కసారి నవ్వొచ్చు కదా?"

"మాటకి నవ్వమంటే నవ్వుతానే. వీళ్ళు చెంపదెబ్బకి నవ్వమంటున్నారు. లావుపాటివాడు కనిపిస్తే నవ్వమంటున్నారు. అందులో నవ్వడానికి ఏముంది?" అని ఆగి, గొంతు తగ్గించారు. "రేపు హెడ్మాస్టరుగారికి ఉత్తరం ఇచ్చేస్తున్నా. ఇక డ్రిల్ మానేసి బడి లైబ్రరీలో కూర్చుంటాను."

"అంత తొందరేమొచ్చింది? ఈల బదులు గంట వాడుకోండి, మైకు కొనిస్తాం అన్నారుగా ఆయన?"

"గంట కొట్టడానికి ప్యూనున్నాడు, నేనెందుకు? రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశానంటే గ్రౌండు అవతలి గోడ దగ్గర పిల్లలు ఆగేవాళ్ళు. వాళ్ళే కాదు, రోడ్డు మీద సైకిళ్ళు కూడా ఆగేవి. ఇప్పుడో? పంచరైన ట్యూబులా బుస్సుమంటోంది."

"అది ఎప్పటి మాట? నెల దాటింది. మళ్ళీ ఒక్కసారి వేసి చూశారా?"

"చూడను. పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని కిసుక్కుమన్నారు. ఇంకోసారి నవ్వులపాలు కావాలా?"

లైట్లు ఆరిపోయాయి. ఆ గ్రౌండు లేకపోతే ఈయన పొద్దున్నే మంచం దిగడానికి కారణమే ఉండదని ఆవిడకి తెలుసు. మిగిలిన గంటలో ఈ దిక్కుమాలిన సినిమా ఒక్క నవ్వు నవ్విస్తే చాలనుకుంది.

సెకండాఫ్ మొదలవుతూనే హీరో మారువేషంలో ఒక స్కూల్లో చేరాడు. డ్రిల్ మాస్టారుగా.

'చచ్చాంరా దేవుడా,' అనుకుందావిడ.

హీరో నిక్కరు జారింది. టొయ్ఁయ్. పైకి లాక్కున్నాడు. మళ్ళీ జారింది. మాస్టారు కుర్చీ అంచుకి జరిగారు.

"ఆ గీతలు చూడు. సున్నం వేసినవాడు కళ్ళు మూసుకుని వేశాడా?"

"మెల్లగా అనండి!"

"ఆ మూడోవాడు గీత తొక్కాడు. గీత తొక్కి నిలబడితే ఎలా?"

"అది సినిమా అండీ!"

"సినిమా అయితే? గీత గీతే."

తెర మీద పరుగుపందెం. పదేళ్ళ పిల్లల మధ్య హీరో స్నేహితుడు మీసం గీయించుకుని నిక్కరేసుకుని నిలబడ్డాడు. వాడు కప్పు గెలవాలి, ఆ కప్పు హీరోయిన్ చేతిలో పెట్టాలి. అదీ కథ. హీరో జెండా ఎత్తి 'ఆన్ యువర్ మార్క్... గెట్ సెట్...' అన్నాడో లేదో, స్నేహితుడు ముందే పరుగు లంకించుకున్నాడు. హీరో చూసి కూడా ఆపలేదు. పైగా కన్ను గీటాడు.

అంతే. హాలు దద్దరిల్లేలా ఒక ఈల మోగింది.

చెవులు గింగురుమన్నాయి. ముందు వరసలో ఒకాయన పేలాలు ఒలకబోసుకున్నాడు. వెనకెవడో పోకిరీ వెధవ అనుకుని ఆవిడ చిరాగ్గా తల తిప్పబోయింది. తిప్పలేదు. పక్కన ఆయన నిలబడి ఉన్నారు. రెండు వేళ్ళు నోట్లోంచి అప్పుడే తీశారు. రెండో చెయ్యి తెరవైపు చాచి ఉంది.

"ఏయ్, నిక్కరు! వెనక్కి రా! జెండా పడకుండా పరిగెడతావా? అందరూ వెనక్కి! మళ్ళీ మొదలు!"

హాలంతా ఇటు తిరిగింది. అప్పుడుగాని ఆయనకి తానెక్కడున్నదీ గుర్తు రాలేదు. తడి వేళ్ళకేసి చూసుకున్నారు. మెల్లగా పెదవి ఎడమ చివర తడుముకున్నారు. ఆ తర్వాత, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా, కుర్చీలో కూలబడ్డారు.

టార్చిలైటు పట్టుకుని గేటు మనిషి పరుగున వచ్చాడు. నెరిసిన మీసాలు కోపంతో ఊగుతున్నాయి.

"ఎవరండీ ఈల వేసింది? ఆడవాళ్ళూ పిల్లలూ వచ్చే హాలిది. వేసినవాళ్ళు మర్యాదగా బయటికి నడవండి!"

టార్చి వెలుగు ఒక్కో ముఖం మీదుగా పాకుతూ ఈ వరసకి వచ్చింది. ఆవిడ చటుక్కున లేచి నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు.

"మా ఆయనండీ! మా ఆయనే వేశారు! కావాలంటే ఇంకోసారి వేయిస్తాను, ఉండండి!"