సున్నా కేసుల వార్డు

ఆరో నంబరు మంచానికి జ్వరం నూట మూడు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ. ఐసీయూకి వచ్చి ఇది ఆరో రోజు. గాల్ బ్లాడర్‌లో రాళ్ళు తీయించుకున్న మనిషికి న్యుమోనియా ఎక్కడ పట్టుకుందో నర్సింగు మొదటి సంవత్సరం పిల్లనడిగినా చెబుతుంది.

ఇక్కడ మాత్రం చెప్పకూడదు. గోడ మీద ఇత్తడి పలక ఉంది: "మా ఐసీయూలో వచ్చిన న్యుమోనియా కేసులు మూడేళ్ళుగా సున్నా."

ఆ సున్నా సూపరింటెండెంటుగారికి కన్నబిడ్డతో సమానం. గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టిన వాళ్ళకొస్తే, అది వాళ్ళ వయసు మహిమ. గొట్టం లేని వాళ్ళకొస్తే అసలు లెక్కలోకే రాదు. రోగుల నోళ్ళు రోజూ శుభ్రం చెయ్యాలని, తలవైపు మంచం ఎత్తాలని పోరిన నర్సుని జనరల్ వార్డుకి సాగనంపారు.

చిక్కల్లా మందుతోనే. ఇలాంటి మొండి న్యుమోనియాకి పనిచేసే పెద్ద ఇంజెక్షన్లు స్టోరులో తాళంలో ఉంటాయి. ఫారం మీద "ఆసుపత్రిలో వచ్చిన న్యుమోనియా" అని రాసి, కింద సూపరింటెండెంటు సంతకం పడితేనే బయటికొస్తాయి. ఆ నిబంధన కూడా ఆయనదే. మూడేళ్ళుగా ఆ తాళం తీసిన పాపాన పోలేదు.

డ్యూటీ డాక్టరు ఫారం నింపి హెడ్ నర్సు చేతిలో పెట్టాడు.

"నేనడిగితే నా ఉద్యోగానికే ఎసరు. మీరైతే సీనియరు."

"పిల్లి మెడలో గంట నేనే కట్టాలా సార్?"

"ఆక్సిజన్ పడిపోతోంది సిస్టర్. సాయంత్రానికి గొట్టం వెయ్యాల్సొచ్చేలా ఉంది. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

తలుపు దగ్గర ఆరో నంబరు భార్య నిలబడి ఉంది.

"మా ఇంట్లో ఎవరికీ తుమ్ము కూడా లేదమ్మా. ఇక్కడికొచ్చాకే ఈ దగ్గు. ఆ మందేదో తొందరగా వేయించు."

"ఒక్క సంతకమే ఆలస్యం అమ్మగారూ."

"ఆ మనిషి పెడతారంటావా?"

"అడిగి చూస్తా," అని హెడ్ నర్సు ఫారం, పెన్ను పట్టుకుని లోపలికి నడిచింది.

ఆరో నంబరు మంచం మీది మనిషి ఆక్సిజన్ మాస్కు పక్కకు లాక్కుని, ఫారం ఆసాంతం చదివి, "ఆసుపత్రిలో" అన్న మాట అడ్డంగా కొట్టేసి, "ఇంట్లో" అని దిద్ది, కింద సూపరింటెండెంటు హోదాలో సంతకం పెట్టాడు.