ఎనిమిదో చెయ్యి

ఏడు దేశాల చేతులు లేచాయి. ఎనిమిదోది లేవలేదు.

మందుల నియంత్రణ శాఖ పెద్దావిడ తన కళ్లను తనే నమ్మలేకపోయింది. ఆ చెయ్యి తమ్ముడిది. సొంత తమ్ముడేం కాదు, పక్క దేశపు అధికారి. కుర్రతనంలో ఆమె ల్యాబ్‌లోనే పని నేర్చుకున్నాడు. అప్పట్నుంచీ ‘అక్కా’ అనే పిలుస్తాడు. ‘నా చెయ్యి లేచినట్టే అనుకోండక్కా’ అని మాట కూడా ఇచ్చాడు.

ఒక దేశం పరీక్షించి పాస్ చేసిన మందును మిగతా దేశాలు మళ్లీ పరీక్షించక్కర్లేదు. ఇదీ ఒప్పందం. దీనికోసం ఆమె కాళ్లరిగేలా తిరిగింది. ఎవరి కుంపటి వాళ్లు పెట్టుకుంటే మందు చేరేలోపు రోగి దక్కడని మొత్తుకుంది. మీటింగుల్లో బిస్కెట్లు అయిపోయేవి గానీ మాట తెమిలేది కాదు. ఆఖరికి నమూనాగా ఒక పిల్లల దగ్గుమందును తను పాస్ చేసి, తమ్ముడి దేశానికి పంపించింది. నెల తిరక్కుండా అక్కడి షాపుల్లోకి వచ్చేసింది. ఇవాళ సభలో ఆమె గొప్పగా చెప్పుకున్నదీ ఆ సంగతే.

అందరూ సరేనంటేనే ఒప్పందం. ఒక్క చెయ్యి తగ్గినా కథ మళ్లీ మొదటికే.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె పని. సభ ముగియగానే వరండాలో అతణ్ణి పట్టుకుంది.

“రెండు నెలలుగా ఫోనెత్తవు. ఇవాళ తీరిగ్గా వచ్చి నా గొంతు కోశావు. ఏ కంపెనీ వాళ్లు బుట్టలో వేసుకున్నార్రా నిన్ను?”

“ఎవరూ లేరక్కా. ముందు మీ దగ్గర ఆ దగ్గుమందు అమ్మకం ఆపించండి.”

“ఓహో! పని నేర్పిన నాకే వంకలు పెడతావా? ఆ మాటేదో లోపల, అందరి ముందూ అనాల్సింది.”

“అందామనే వచ్చాను. మీ మొహం చూశాక నోరు రాలేదు.”

“అంత అభిమానమున్నవాడివి చెయ్యెందుకు ఎత్తలేదురా? నేనేం ద్రోహం చేశాను నీకు?”

అతను గోడకు ఆనుకున్నాడు.

“మీ సంతకం ఉంది కదా అని పరీక్ష చెయ్యకుండా నేను వదిలేసిన ఆ మందే, అక్కా, మా బాబుని పొట్టన పెట్టుకుంది.”