పదో గోరు

"ఒక్క వేలు కూడా వదలకూడదక్కా. పదికి పదీ ఎర్రగా ఉంటేనే రేపు పొద్దున్న గడప దాటతాను. లేదంటే ఎవరొచ్చి బతిమాలినా కదలను."

చిన్నకోడలు రెండు చేతులూ బల్ల మీద పరిచింది. పరిచిందే గాని అవి ఒకచోట నిలవడం లేదు. మోకాలు ఊగుతోంది. చూపు గడియారానికీ గుమ్మానికీ మధ్య తిరుగుతోంది.

అన్నంత పనీ చేస్తుందని పెద్దకోడలికి తెలుసు. మొండిఘటం. అందుకే మరిది పొద్దుటే వచ్చి, దాని మాట కాదనకు వదినా, ఈ తేదీ పోతే మళ్ళీ దొరకదు అని బతిమాలి వెళ్ళాడు.

తోడికోడళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. ముందుగదిలో ఈ పార్లర్ తెరిచిననాడు, "గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే వ్యాపారం" అని పదిమందిలో నవ్వింది చిన్నకోడలే. ఆ మాట పెద్దకోడలు మరిచిపోలేదు.

పని మొదలుపెట్టింది. గోటి మొదట్లో అంటుకున్న పల్చటి చర్మాన్ని వెనక్కి నెట్టింది. నిగనిగ పోయేదాకా గోటిని ఆకురాయితో రుద్దింది. పొడి దులిపి, స్పిరిట్‌తో తుడిచింది. ఆ తర్వాత దానికి తన వేలు తగలనివ్వలేదు. జిడ్డు పిసరంత ఉన్నా జెల్ రంగు పట్టదు. పల్చగా ఒక పూత, అది గట్టిపడేందుకు ల్యాంప్ కింద చెయ్యి. మళ్ళీ పూత, మళ్ళీ ల్యాంప్.

తొమ్మిది గోళ్ళకు రంగు రాయిలా బిగిసింది.

"బంగారమంతా తీసి పెట్టేశానక్కా," అంది చిన్నకోడలు. "ఒంటిమీద మిగిలేవి ఇవే. రేపు అన్నేసి లైట్ల కింద అందరూ నన్నే చూస్తారు."

పెద్దకోడలు తొమ్మిదో వేలు వదిలింది. ఎడమ చూపుడు వేలు ఒక్కటే మిగిలింది. పట్టుబడితే ఇంకేమన్నా ఉందా? రేపటి ప్రయాణం అంతటితో సరి.

బయట ఏదో చప్పుడైంది. చిన్నకోడలు గుమ్మంవైపు తల తిప్పింది. అదే అదును. పెద్దకోడలు ఆ గోటిని రుద్దలేదు, తుడవలేదు. జుట్టు సవరించుకున్నట్టు నటించి, తలనూనె అంటిన వేలిని దానిమీద మెత్తగా రాసింది. ఆ జిడ్డుమీదే రంగు వేసింది. ఒక్కసారి గీరితే చాలు, ఉల్లిపొరలా ఊడొస్తుంది.

ల్యాంప్ ఆరింది. పదో గోరు మిగతా తొమ్మిదింటికన్నా అందంగా మెరిసింది. చిన్నకోడలు దాన్ని వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది ఊడదు కదక్కా?"

"ఊడితే నాకు పేరు మార్చి పెట్టు."

చిన్నకోడలు లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"తలకి నూనె కాస్త తగ్గించక్కా."

పెద్దకోడలు నూనె అంటిన తన వేలికేసి చూసుకుంది. చూసేసిందా? రేపిక కదలదా? పిలిచి అడిగేలోపే చిన్నకోడలు గుమ్మం దాటేసింది.

మర్నాడు ఆపరేషన్ బల్ల పక్కన, ఆక్సిజన్ చూసే క్లిప్పు చేత్తో పట్టుకుని "రంగు లేని వేలు ఒక్కటైనా ఉంచుకోమన్నాం కదమ్మా" అని నర్సు విసుక్కుంటుంటే, చిన్నకోడలు ఎడమ చూపుడు వేలు చాపి, "దీన్ని గీరండి, మా అక్క నూనె రాసింది దీనికే" అంది.