అత్తగారి మోకాలు, రెండో గేరు

“మరి నేనెక్కడ కూచోవాలి అల్లుడుగారూ?”

అత్తగారు పాత ట్రక్కు తలుపు పట్టుకుని లోపలికి తొంగిచూస్తూ అడిగింది. ముగ్గురు పట్టే పొడుగు సీటు అక్కడ లేదు. దాన్ని ఊడదీసి షెడ్డు గోడకి ఆనించారు. ఏదో కారులోంచి పీకిన రెండు నల్ల సీట్లు నేలమీద సిద్ధంగా ఉన్నాయి.

“ఇవి బకెట్ సీట్లు అత్తయ్యగారూ. నడుంనొప్పికి మంచివని డాక్టరు చెప్పాడు,” అన్నాడు అల్లుడు స్పానరు వంక చూస్తూ. అబద్ధమాడేటప్పుడు అతను మనుషుల వంక చూడడు.

“బకెట్లో కూచుంటే నొప్పి తగ్గుతుందా?”

“ఆ బకెట్ కాదండీ. కాస్త లోతుగా ఉంటాయని ఆ పేరు.”

“ఎన్ని పడతాయి?”

“రెండే.”

అసలు నొప్పి నడుముది కాదు. ఆ ట్రక్కులో ఎటు బయల్దేరినా స్టీరింగు దగ్గర అతను, ఆ చివర భార్య, నడుమ అత్తగారు. గేరు రాడ్డు సరిగ్గా ఆవిడ మోకాలి పక్కన. రెండో గేరు వెయ్యాలంటే ముందు ఆ మోకాలు దయతలచాలి. పన్నెండేళ్ళుగా భార్యతో ఏ ముచ్చట చెప్పినా అది అత్తగారి మీదుగా ప్రయాణం చేసి, సగం అరిగిపోయి చేరేది. ఆదివారం పెళ్ళిరోజు. సరస్సు దాకా వాళ్ళిద్దరే, పక్కపక్కన కూచుని వెళ్ళాలి. పాపం, అంతకంటే అతనేమీ కోరలేదు.

ఆవిడ అలుగుతుందనుకున్నాడు. “మంచిపని చేశారు,” అని కుర్చీ తెచ్చుకుని అక్కడే కూచుంది. అలిగినా బాగుండుననిపించింది అతనికి.

పని మొదలైంది. కారు బోల్టులకీ ట్రక్కు రంధ్రాలకీ అత్తాకోడళ్ళ పొత్తు: ఒకటి కలిస్తే మూడు కలవవు. వెల్డింగు మేస్త్రి సీటుని, అది జరగడానికి కిందుండే పట్టాలతో సహా లోపల పెట్టి, ఎక్కి చూడమన్నాడు. అల్లుడు ఎక్కాడు. తల కప్పుకి ఠంగుమంది.

“పట్టాలు పీకెయ్యాలి సార్,” అన్నాడు మేస్త్రి. “అప్పుడు తల తగలదు. కాకపోతే సీటు ముందుకీ వెనక్కీ జరగదు. నేను ఒకసారి అతికించానంటే బ్రహ్మ దిగొచ్చినా కదలదు. ఎవరి సీట్లో వాళ్ళు కూచుని కొలతివ్వండి.”

అల్లుడు తన కొలత ఇచ్చాడు. రెండో సీటు దగ్గర చిక్కొచ్చింది. భార్య ఆఫీసులో ఉంది, ఫోన్ ఎత్తడం లేదు. మేస్త్రి ఇవాళ పోతే మళ్ళీ పదిరోజులకి గాని దొరకడు.

“మేడంగారి కాళ్ళు ఎంత పొడుగుంటాయి సార్?”

అల్లుడు గాలిలో రెండు చేతులూ చాపి ఏదో చూపించాడు. మళ్ళీ కాస్త తగ్గించాడు. మేస్త్రి ఆ చేతుల్నీ, అతని మొహాన్నీ జాలిగా చూశాడు.

“ఎందుకంత అవస్థ? కన్నదాన్ని నేనున్నానుగా!” అంటూ అత్తగారు లేచింది.

“మీ అమ్మాయి మీకంటే బాగా పొడుగు కదండీ?” అన్నాడు అల్లుడు.

“పొడుగంతా నడుం పైనే. అది వాళ్ళ నాన్న పోలిక. కాళ్ళు అచ్చం నావే. పన్నెండేళ్ళు కాపురం చేశారు, ఆ మాత్రం చూసుకోలేదూ?”

ఈ ప్రశ్నకి ఏ మొగుడు మాత్రం లేదంటాడు? “ఎందుకు చూడలేదండీ, మీ కాళ్ళే,” అన్నాడు.

అత్తగారు ఎక్కి కూచుంది. కాళ్ళు చాపింది, ముడిచింది. “కాస్త ముందుకు జరుపు బాబూ. ఇంకాస్త. ఆ, అక్కడ.” మేస్త్రి సుద్దముక్కతో గీత గీశాడు. ఆవిడ క్షణం ఆలోచించి, “ఆగాగు. ఇంకో రెండంగుళాలు ముందుకి,” అంది. అతను మొదటి గీత చెరిపి రెండోది గీశాడు.

నిప్పురవ్వలు లేస్తుంటే అల్లుడి మనసు కరిగిపోయింది. తనని దింపెయ్యడానికి చేయిస్తున్న సీటుకి తనే కొలతిచ్చింది పిచ్చితల్లి! సిగ్గేసింది. వచ్చేనెల ఆవిణ్ణి కూడా ఎక్కడికైనా తిప్పి తీసుకురావాలని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. బస్సులో.

ఆదివారం పొద్దున భార్య కొత్త బట్టల్లో వచ్చి, ముచ్చటపడుతూ సీటు ఎక్కింది. మోకాళ్ళు డాష్‌బోర్డుకి ఠక్కున కొట్టుకున్నాయి. ఇటు తిరిగితే గేరు రాడ్డు పొడిచింది. అటు తిరిగితే తలుపు పడలేదు.

“ఏవండీ, ఇది ఎవరి కొలత?”

“నీదే. మీ అమ్మగారు ఇచ్చారు. కాళ్ళు ఇద్దరివీ ఒకటేనన్నారు.”

“అమ్మ అంటే మాత్రం, మీ కళ్ళేమయ్యాయి?” భార్య మోకాలు రుద్దుకుంటూ దిగింది. “సరే, సరస్సు దగ్గర గది మాట్లాడేశారుగా, మానుకోవడమెందుకు? నేను బస్సులో వస్తా.”

“ఇద్దరం బస్సులోనే పోదాం!” అని అల్లుడు నోరు తెరిచేలోగా, ఎప్పుడు సర్దుకుందో ఏమో, అత్తగారు సంచీతో సహా ఎక్కి కూచుని బెల్టు పెట్టేసుకుంది.

“అమ్మ కూచుందిగా, పోనివ్వండి,” అంది భార్య, బస్టాపు వైపు నడుస్తూ.

అల్లుడు దిగులుగా బండి తీశాడు. మలుపు తిరిగాక రెండో గేరు వేశాడు. వెన్నలా పడింది, ఏ మోకాలూ తగల్లేదు.

అత్తగారు హాయిగా వెనక్కి వాలి అంది: “నాకు మొదటి గీత దగ్గరే సరిపోయింది అల్లుడుగారూ. ఆ రెండంగుళాలూ అమ్మాయి పట్టకుండా.”