కొత్త రంపం

ఇళ్ల ఆవరణల్లో చెట్లు కొట్టి శుభ్రం చేసే పనికని చవగ్గా కొన్న పెట్రోలు రంపాన్ని ఆయన మొద్దు పక్కన పెట్టి, స్టార్టు చేసే తాడు లాగాడు. పదోసారి లాగినా ఉలుకూ పలుకూ లేదు.

"చవకది చవకలాగే ఏడుస్తుంది. రేపే తీసుకెళ్లి ఆ కొట్టువాడి మొహాన కొడతాను," అన్నాడు ఆయాసపడుతూ.

"ఒక్కసారి నన్ను లాగనివ్వండి," అంది భార్య.

ఆమె లాగీ లాగగానే రంపం గర్జించింది. భర్త మొహం చూసి ఆమె వెంటనే దాన్ని ఆపేసింది. తన కుడిచేతికి వచ్చిన పక్షవాతం పూర్తిగా తగ్గిపోయిందని ఆయన అందరికీ చెప్పుకుంటున్నాడు. ఇప్పటిదాకా ఆమె కూడా నమ్మింది.

"మీరు అన్నిసార్లు లాగి దారికి తెచ్చారు కాబట్టి అంటుకుంది," అంది నేలచూపులు చూస్తూ.

ఆయన చాలాసేపు తన కుడిచేతినే చూసుకున్నాడు. తర్వాత చేతి తొడుగులు విప్పి ఆమెకిచ్చాడు.

"కాళ్లు ఎడంగా పెట్టి నిలబడు. ఇకమీదట కొయ్యాల్సింది నువ్వే."