పేరు పెట్టె

ఇప్పుడు పేర్లన్నీ కంపెనీలవే. డబ్బు కట్టి ఫోన్‌లో పెట్టె తెరిస్తే, అందులో ఏ పేరు పడితే పిల్లకి అదే; నచ్చకపోతే మళ్ళీ డబ్బు కట్టి ఇంకో పెట్టె. పడ్డ పేర్లు నచ్చక ఫణీంద్ర వాయిదా వేసిన బారసాల మళ్ళీ పెట్టుకునేసరికి పాపకి పాకడం వచ్చేసింది.

బియ్యంలో పేరు రాయాల్సిన ఉంగరం పళ్ళెం పక్కనే ఉంది. ఫణీంద్ర చేతిలో మాత్రం ఫోనే.

"మళ్ళీ మామూలుదే పడింది. ఇంకొక్కటి."

"బాగానే ఉంది కదండీ, రాసెయ్యండి," అంది అతని భార్య హిమజ.

"వీధిలో సగం మందికి అదే పేరు. ఈసారి అరుదైంది పడుతుంది చూడు. ఇంకొక్కటి."

గుమ్మం వైపు పాకుతున్న పాప, ఆ మాట విన్నప్పుడల్లా ఆగి, తననే పిలిచినట్టు వెనక్కి చూసి నవ్వుతోంది.

హిమజ అది గమనించింది. ఉంగరం తీసుకుని, వంగి, బియ్యంలో రాసింది: ఇంకొక్కటి.